మన పెంట నీళ్ల లెక్క మన దగ్గరే ఉండాలె



2019ల అమ్రాబాద్ ఎట్ల లేచిందో మీకు యాదికున్నది. పులుల అభయారణ్యంల 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం అన్వేషణ చేస్తమని కేంద్రం కింద ఉన్న అణు ఖనిజ సంస్థ అడిగింది. మే నెలల కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అన్నది. వేల బోర్లు వేస్తమన్నరు. చెంచు పెంటలు, ఊర్లు ఒక్కటై కొట్లాడినయి. సెప్టెంబర్ 16న రాష్ట్ర శాసనసభ నల్లమలల యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

గెలిచినం. మరి మళ్లొకసారి ఎవరన్న వస్తే? అప్పుడు మనం ఏం చూపిస్తం?

కడప జిల్లా తుమ్మలపల్లె దిక్కు చూడండి. అక్కడ యురేనియం గని నడుస్తున్నది. వ్యర్థాల చెరువు వల్ల మా బోరు నీళ్లు చెడిపోయినయని చుట్టుపక్కల రైతులు అంటున్నరు. కంపెనీ కాదంటున్నది. ఇట్లాంటి గొడవల అసలు ప్రశ్న ఒక్కటే: గని రాకముందు ఆ నీళ్లల యురేనియం ఎంత ఉండె? ఆ కాయితం జనం చేతుల లేకపోతే, "అది మీ రాతిల మొదటి నుంచి ఉన్నదే" అనుడు అవతలోళ్లకు అల్కగైతది.

నీళ్లను చూసి చెప్పలేమా అంటరా? చెప్పలేం. నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు జనం తేటగ కనిపించే బోరు నీళ్లే తాగిన్రు. రాతిల నుంచి కరిగొచ్చిన ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పిల్లల పండ్లు గారపట్టినయి, పెద్దోళ్ల ఎముకలు వంగిపోయినయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రమాణం. యురేనియం కూడా కంటికి కనపడదు, అది మూత్రపిండాలను దెబ్బతీస్తది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. వానకాలం చెలమ నీళ్లల, వాగు నీళ్లల క్రిములుంటయి. కాగబెడితే అవి చస్తయి. ఫ్లోరైడ్ మాత్రం కాగబెడితే పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకింత చిక్కనైతది. అందుకే నీళ్లల ఏమున్నదో ముందు తెల్వాలె.

ఎట్ల తెల్సుకోవాలె? జల్ జీవన్ మిషన్ నిబంధనల ప్రకారం ప్రతి ఊర్ల ఐదుగురు ఆడోళ్లకు నీళ్ల పరీక్ష కిట్ మీద శిక్షణ ఇయ్యాలె. మీ పెంట నుంచి ఎవరికి ఇచ్చిన్రో అడగండి. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి కిట్‌తోని తెలుస్తయి. యురేనియంకు ల్యాబ్ పరీక్షనే కావాలె. అది కావాలని మన్ననూరు ఐటీడీఏకు, కలెక్టర్‌కు రాసియ్యండి, రసీదు తీసుకోండి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ చెలమ, ఏ బోరు, ఏ తారీఖు, ఎండకాలమా వానకాలమా, నమూనా ఎవరు తీసిన్రు, అంకె ఎంత వచ్చింది, అన్ని రాయండి. గ్రామసభల చదివి, తీర్మానం పుస్తకంల ఎక్కించండి. ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోండి. ఏడాదికి రెండుసార్లు చేస్తే చాలు. సదువుకున్న మీరు చేయకపోతే ఇంకెవరు చేస్తరు?

నీళ్లు బాగలేవని తేలితే, "ఇది టైగర్ రిజర్వ్, పైపు వేయనియ్యం" అంటే ఊకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక హెక్టారు లోపు అటవీ భూమిని తాగునీటి సరఫరాకు, పైపులైన్లకు ఇయ్యొచ్చని అందుల స్పష్టంగ ఉన్నది.

రేపు ఎవరు వచ్చినా మన మాట వెనుక మన అంకెలుండాలె. ఈ ఎండకాలమే మొదలుపెట్టండి.

జై ఆదివాసీ.