రిపోర్టులు బాగున్నాయి, మనిషి బాగుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. ముప్పై ఏళ్ళుగా సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లే నా లోకం. కార్యదర్శి గారు నన్ను కరెంటు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. క్షమించాలి, నేను అలసట గురించి చెబుతాను. నేను డాక్టరును కాను. ఒక తప్పు చేసి, ఎందుకు తప్పో తెలుసుకోవడానికి చదువుకున్నవాడిని, అంతే.

మా అక్క కూడా ఈ బడి విద్యార్థే. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఊరి నుంచి ఇక్కడికి మూడు మైళ్ళు రోజూ నా చేయి పట్టుకుని నడిపించుకొచ్చేది. ఎండకు నేను దారిలో కూలబడితే నా పుస్తకాల సంచి కూడా తనే మోసేది. ఆమె అనుమతితోనే ఈ విషయం చెబుతున్నాను. ఆరేళ్ళ క్రితం అక్కకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. బెంగళూరులో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. చివరి చెకప్‌లో అంతా బాగుందన్నారు. ఆ రోజు ఇంట్లో ఓళిగలు చేసుకుని పండగ చేసుకున్నాం.

ఏడాది గడిచింది. అక్క మాత్రం మునుపటి అక్క కాలేదు. కళ్ళాపి చల్లితే కూర్చోవాలి. స్నానం చేస్తే పడుకోవాలి. చుట్టాలు "జబ్బు పోయినా వేషం పోలేదు" అనడం మొదలుపెట్టారు. ఊళ్ళో వైద్యం చేసే ఒకాయన బలానికని గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించాడు. డబ్బు పోయింది గానీ బలం రాలేదు. ఒకరోజు నేనూ అనేశాను: "రిపోర్టులన్నీ నార్మలే కదక్కా, ఇంక నువ్వే మనసు గట్టి చేసుకోవాల."

అక్క మారు మాట్లాడలేదు. లేచి అంట్లన్నీ తోమింది, ఇల్లంతా ఊడ్చింది. తర్వాత మూడు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు దగ్గర కూర్చుంటే అంది: "నిద్ర లేస్తానే అలిసిపోయుంటాన్రా. రాత్రంతా ఎవరో నాతో సేద్యం చేయించినట్లుంటాది. పడుకుంటే పోయే అలుపు కాదురా ఇది."

ఆమె చెప్పిన ఆ చివరి మాటే వైద్య గ్రంథాల్లోనూ ఉందని తర్వాత తెలిసింది. చేసిన పనికి పొంతన లేకపోవడం, విశ్రాంతికి తగ్గకపోవడం, ఇవే క్యాన్సర్ అలసటకు గుర్తులు. అమెరికాలో జూలియన్ బోవర్ అనే పరిశోధకురాలి బృందం 2000లో 1,957 మంది రొమ్ము క్యాన్సర్ విజేతలను ప్రశ్నించి, దాదాపు మూడో వంతు మందికి గట్టి అలసట ఉందని ప్రకటించింది. జబ్బు బయటపడిన 5 నుంచి 10 ఏళ్ళ తర్వాత మళ్ళీ అడిగినప్పుడు కూడా మూడో వంతు మంది అదే చెప్పారు.

మరి కారణం? 2002లో అదే బృందం అలసట ఉన్న 20 మందిని, లేని 20 మందిని తీసుకుని రక్తం పరీక్షించింది. అలసట ఉన్నవారి రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ జాడలు ఎక్కువగా కనిపించాయి. ఇన్‌ఫ్లమేషన్ అంటే మనం వాపు, మంట అనుకునేదే. ముల్లు గుచ్చుకుంటే చుట్టూ ఎర్రబడి ఉబ్బుతుంది కదా, అది ఒంటి రక్షణ దళం పని. ఆ దళం సైటోకైన్లు అనే రసాయనాల ద్వారా మెదడుకు కూడా కబురు పంపుతుంది. కబురు అందగానే మెదడు ఆకలి తగ్గిస్తుంది, మనిషిని పడుకోబెడుతుంది, నలుగురిలోకి పోబుద్ధి కాకుండా చేస్తుంది. జ్వరంలో మనకు జరిగేది ఇదే. ఆ బలాన్ని ఒళ్ళు జబ్బుతో పోరాటానికి దాచుకుంటుంది. పోరాటం ముగిశాక కబురు ఆగాలి. కొందరిలో అది సన్నగా సాగుతూనే ఉంటుంది.

2006లో మన జిల్లాను చికున్‌గున్యా ఊపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో పోయింది. కీళ్ళ నొప్పులు, నీరసం ఎంతోమందిని నెలల తరబడి వదల్లేదు. అప్పుడు ఎవరినీ ఎవరూ సోమరి అనలేదు, ఇంటింటా అదే బాధ కాబట్టి. క్యాన్సర్ నుంచి బయటపడినామెకు ఆ తోడు కూడా లేదు. వీధిలో ఆమె ఒక్కతే.

నా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది ట్రాన్స్‌ఫార్మర్ నో-లోడ్ లాస్. అర్ధరాత్రి ఊళ్ళో ఒక్క మోటారు తిరగకపోయినా, ఒక్క దీపం వెలగకపోయినా, లైను చార్జిలో ఉన్నంతసేపూ ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్‌మంటూనే ఉంటుంది. లోపలి ఇనుప కోర్ కొంత కరెంటు తింటూనే ఉంటుంది. ఇళ్ళ మీటర్లలో అది కనబడదు. అక్క ఒంట్లోనూ అలాంటి ఖర్చే జరుగుతోంది. మేము ఇళ్ళ మీటర్లు చూసి "వాడకమే లేదు కదా, అలసటెందుకు?" అన్నాం.

అయితే ఈ పోలికను అతిగా సాగదీయకూడదు. అలసటకు ఇన్‌ఫ్లమేషన్ ఒక్కటే కారణం కాదు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, దిగులు, గుండె బలహీనత, వాడుతున్న మాత్రలు, చికిత్సతో ముందే వచ్చే ముట్లుడగడం, ఇవన్నీ ఉండొచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది కనుక ముందు డాక్టరుకు చెప్పి అవి చూపించుకోవాలి. అలసట కొత్తగా వచ్చినా, ఉన్నట్టుండి పెరిగినా ఆలస్యం చేయకూడదు. ఫలానా రక్తపరీక్షలో ఇంత అంకె వస్తే అలసట ఉన్నట్టు, లేకపోతే లేనట్టు అని తేల్చే పరీక్ష లేదు. మనిషి చెప్పిన మాటే కొలమానం. బలం సూదులంటూ ఊళ్ళలో వేసే స్టెరాయిడ్ల జోలికి మాత్రం పోకండి.

మందు ఏమిటని అడుగుతారు. మీకు వింతగా ఉండొచ్చు గానీ, ఎక్కువ ఆధారాలున్నది కదలికకే. 2017లో 113 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు క్యాన్సర్ అలసటకు మందులకంటే వ్యాయామం, మానసిక సహాయం మెరుగని తేలింది. యోగా మీద కూడా పరీక్షలు జరిగాయి. 2012లో బోవర్ బృందం అలసట వదలని మహిళలకు 12 వారాలు అయ్యంగార్ పద్ధతి యోగా నేర్పితే అలసట తగ్గింది. ఆ అయ్యంగార్ పుట్టిన బెళ్ళూరు మన హిందూపురం అవతలి పాత కోలారు జిల్లాలోదే. 2014లో ఒహాయోలో 200 మంది మీద చేసిన యోగా పరీక్షలో, తరగతులు అయిన మూడు నెలలకు అలసటతో పాటు రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సూచికలు కూడా తగ్గాయి.

కదలమన్నాం కదా అని ఒకేసారి ఎగబడకూడదు. ఇది మన రైతుకు చెప్పాల్సిన పని లేదు. నీళ్ళు తక్కువున్న బోరును ఏం చేస్తాం? అరగంట ఆడించి మోటారు ఆపేస్తాం. ఊరనిచ్చి మళ్ళీ ఆడిస్తాం. ఈ రోజు నీళ్ళు బాగా వస్తున్నాయని ఆపకుండా తోడితే మోటారు కాలుతుంది. నా మాట పట్టుకుని ఆ రోజు అంట్లు తోమినప్పుడు అక్కకు జరిగింది అదే. డాక్టరును అడిగి పది నిమిషాల నడకతో మొదలుపెట్టింది. రెండు వారాలకు ఒక ఐదు నిమిషాలు పెంచింది. ఇప్పుడు అరగంట నడుస్తుంది. అలసట పూర్తిగా పోలేదు. కానీ ఏ రోజుకు ఎన్ని నీళ్ళున్నాయో ఆమెకు తెలుసు, మాకూ తెలుసు.

మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. పడమటి దేశాలకంటే ఇక్కడ దాదాపు పదేళ్ళు ముందే, ఇల్లూ పొలమూ నెత్తినున్న వయసులోనే వస్తోంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. ఆపరేషన్‌కు, కీమోకు పేద ఇంటికి దారి దొరికింది. ఆ తర్వాత బస్సు దిగి ఇంటికి వచ్చిన మనిషిని చూసుకోవాల్సింది మాత్రం మనమే.

అందుకే రెండు కోరికలు. ఒకటి సంఘానికి: ఈ బడి మైదానాన్ని ఉదయం ఐదున్నర నుంచి ఏడు వరకు ఆడవాళ్ళ నడకకు తెరిపించేలా ప్రధానోపాధ్యాయుల వారిని ఒప్పించండి. కానుగ చెట్ల కింద నాలుగు బెంచీలు నేను వేయిస్తాను. నడిచేవాళ్ళకు మధ్యలో కూర్చునే చోటు కావాలి. రెండోది మగవాళ్ళకు: మీ ఇంట్లో ఆమె "చేత కాలేదు" అంటే రిపోర్టు వెతక్కండి. ఆ పూట చీపురు మీరు అందుకోండి.

అక్క ఈ సభకు వచ్చింది. మూడో వరసలో కూర్చుంది. ఈ రోజు కోసం రెండు రోజులుగా బలం దాచుకుంది. మధ్యాహ్నం భోజనం కాగానే వెళ్ళిపోతుంది. దయచేసి ఎవరూ "అప్పుడే పోతావా?" అనకండి. ఈసారి ఆమె సంచి నేను మోస్తాను.