రెండు రైళ్ల మధ్య పోచంపాడ్

నిజామాబాద్ స్టేషన్‌లో దిగారు, ఇంకో రైలుకు 6 గంటలు టైం ఉంది. పోచంపాడ్ డ్యామ్ చూసి రావచ్చా? రావచ్చు. కానీ పోవుడు తేలికే, తిరిగి వచ్చుడే అసలు ముచ్చట.

బస్టాండ్‌లో నిర్మల్ బస్సు ఎక్కండి. ఆర్మూర్ మీదుగా పోతుంది. పోచంపాడ్ క్రాస్‌రోడ్డు దగ్గర ఆపుతారా అని కండక్టర్‌ను ముందే అడగండి. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు, గుర్తింపు కార్డు మాత్రం ఉంచుకోండి.

హైవే నుంచి డ్యామ్ 3 కిలోమీటర్లు. అక్కడ ఆటో కావాలి. నేను ఒకసారి ఆటోను డ్యామ్ దగ్గరే పంపించేశాను. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కట్ట, 42 గేట్లు, గోదావరి... చూస్తూ నిలబడిపోయాను. తిరిగి వద్దామంటే ఒక్క బండీ లేదు. హైవే దాకా నడిచాను. అక్కడ నా రైలు వెళ్లిపోయింది!

అందుకే ఎక్కేముందే రానుపోను కిరాయి, వెయిటింగ్ ఎంతసేపు, అన్నీ మాట్లాడుకోండి. "అన్నా, గంట ఆగాలె, మొత్తం ఎంత?" అనండి. డబ్బులు మళ్లీ హైవే మీద దిగినాకే ఇవ్వండి. రైలుకు గంటన్నర ముందే నిజామాబాద్ చేరేట్టు లెక్క వేసుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో బోధన్ వైపు పోదాం. ఉంటానండీ.