నేను వినిన ఫిడేలు, విననొల్లని జముకు

నేను గాయకుడను గాను. వీణ మీటలేదు; ఫిడేలు పట్టలేదు. విజయనగరమున సంస్కృతము చదువుకొని, ముప్పది సంవత్సరములకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పి, ఇప్పుడు అరుగుమీద కూర్చుండి కాలము గడుపుచున్నవాడను. అయినను సంగీతమును గూర్చి మాటలాడుటకు వినువానికిని కొంత యధికారము కలదు. వండినవాడే రుచి చెప్పవలెనన్నచో విస్తరిముందు కూర్చున్నవారందరును మూగవారు కావలసినదే కదా! కావున వినువానిగా నా యభిప్రాయములు కొన్ని చెప్పెదను. అందు నేను తప్పని యొప్పుకొనవలసినదియు నొకటి యున్నది.

మన విజయనగరమున సంగీత కళాశాల 1919వ సంవత్సరమున వెలసినది. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు స్థాపించిన యా కళాశాలకు మొదటి యధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అందు ఫిడేలు చెప్పుటకు వచ్చిన యువకులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. చిన్ననాటినుండియు వారికి కన్నుచూపు మందము. కన్ను తగ్గిన కొలది చెవి పెరిగినదేమో యనిపించును. 1936లో దాసుగారి తరువాత వారే యధ్యక్షులైరి. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు వారికి సంగీతకళానిధి బిరుదము నిచ్చిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు మధూకరమెత్తుకొని చదువుకొన్న యూరును, పి. సుశీలగారు పుట్టి సంగీతము నేర్చిన యూరును ఇదియే. ఇన్ని చెప్పుట గొప్పకు గాదు. ఈ గాలిలో పెరిగిన నాకు చెవి కొంత తీర్చబడియుండవలసినదని చెప్పుటకు.

నాయుడుగారు 1964లో పరమపదించిరి. నే నప్పటికి పసివాడను. వారిని కన్నులార చూడలేదు. మా యూరి పంచాయతీ కచేరీ ముందరి రేడియోలోనే వారి వాద్యమును వింటిని. సాయంకాలము పశువులు ఇల్లు చేరువేళ, ధూళి యింకను అణగకముందే, ఆ పెట్టెలోనుండి ఫిడేలు పలుకుచుండెడిది. పెద్దలు చుట్టలు కాల్చుకొనుచు వినెడివారు. నేను తిన్నెమీద కూర్చుండి వినెడివాడను.

ఫిడేలు మన వాద్యము గాదు, పాశ్చాత్యులది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు తెచ్చినవారిలో మొదటివాడని చెప్పుదురు. తెచ్చినవారు వాద్యమును మార్చలేదు; శ్రుతి చేయు పద్ధతిని, పట్టు పద్ధతిని మార్చిరి. దొరలు నిలువబడి గడ్డముక్రింద పెట్టుకొని వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి పాదముమీద నానించి వాయింతురు. అట్లు నేల కానిన తరువాత గదా అది మన మాట నేర్చినది!

నాయుడుగారి వాద్యమున వేగమును మెచ్చుకొనువారు పెక్కుమంది కలరు. నా యభిప్రాయము వేరు. వేగము వ్రేళ్ళ సాధనచే వచ్చును. వారి గొప్పతనము కమానులో నున్నది. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు పోవునపుడు నడుమనుండు త్రోవ యున్నదే, దానిని వారు వినిపించిరి. మెట్లు లెక్కపెట్టుట వేరు, మెట్లమీదుగా జారు నీటిని చూచుట వేరు. ఆ జారులో మనిషి గొంతులోని యేడుపుండును, లాలియుండును. దానినే మన శాస్త్రములు గమకమన్నవి.

నారాయణదాసుగారు 1945లోనే కీర్తిశేషులైరి గనుక వారిని వినుట నాకు తటస్థపడలేదు. వారి పరంపరవారి హరికథలను మాత్రము తెల్లవారుదాక వింటిని. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, పాటయు, మాటయు, ఆటయు నొక్కనియందే కూర్చు నా కళకు నేను దాసుడను. పండితుడును పాలికాపును ఒక్క చాపమీద కూర్చుండి వినదగిన సంగీతమే పెద్ద సంగీతమని నా నమ్మిక.

ఇంత నమ్మినవాడను, నేను చేసిన పని వినుడు.

సుమారు నలువది సంవత్సరములక్రిందట ఒక పల్లెబడిలో తెలుగు పండితుడనై యుంటిని. వార్షికోత్సవమునకు పాటల యేర్పాటు నాది. ఒకనాడు జముకు వాయించు నొకడు తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చెను. జముకు ననగా తెలియని పిల్లలు నేడు గలరు గనుక చెప్పెదను. అది కుంచమువంటి డొల్ల పాత్ర. ఒక మొగమున తోలు బిగింతురు. తోలు నడుమనుండి యొక తంత్రి వచ్చును; దాని కొన నొక పిడి కట్టుదురు. పాత్రను చంక నిరికించుకొని, పిడి నొకచేత లాగి, రెండవచేత తంత్రిని మీటుదురు. బిగించిన నాదము హెచ్చును, వదలిన దిగును. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో గ్రామదేవతల పండుగలకు ఎల్లమ్మ కథ చెప్పువారికి అదియే శ్రుతి, అదియే తాళము. ప్రధాన కథకుడు పాడగా వంతవారు అందుకొందురు. 1960 ప్రాంతముల చివర మన జిల్లా రైతాంగోద్యమమున సుబ్బారావు పాణిగ్రాహి యీ జముకుల కథనే చేపట్టి ఊరూర చెప్పెను. జనము వినునది గనుకనే గదా చేపట్టెను!

ఆ వచ్చినవాడు చేతులు కట్టుకొని, "బాబూ, మా గుంటడు శానా బాగా వాయిస్తాడు. బడిపిల్లల ముందర ఓపాలి పాడనియ్యండి" అనెను. నేను, "ఇది పండుగలో అమ్మవారి ముందర చెల్లును. బడిలో సంగీతము కావలెను" అంటిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "ఇది మా తాతలకాడి నుంచీ వచ్చిన ఇద్దె. ఇది పాట కాదా బాబూ?" అని యడిగి, నా ప్రత్యుత్తరమునకు నిలువక వెడలిపోయెను. కొడుకు మాత్రము తిరిగి తిరిగి చూచుచు పోయెను. ఆ యేడాది వేసవి తరువాత ఆ పిల్లవాడు బడికి రాలేదు.

కొన్ని సంవత్సరములు గడచినవి. ఒకరాత్రి రేడియోలో నాయుడుగారి పాతరికార్డు వినుచుంటిని. కమాను ఒక స్వరమునుండి దిగజారెను. ఆ జారు నేనెక్కడనో వినియుంటినే యని తోచెను. ఎక్కడ? ఎల్లమ్మ పండుగలో, జముకు తంత్రి వదలినపుడు! తోలు వేరు, తంత్రి వేరు, వాయించువాని కులము వేరు, త్రోవ యొక్కటే. ఒకదానికి చెవి యొగ్గి, రెండవదానికి తలుపు వేసితిని.

ఈ మధ్య విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచున్న నా కుమారుడు తన ఫోనులో నాకొక అమెరికాదేశపు పాట వినిపించెను. దానిని బ్లూస్ అందురట. బానిసత్వము పోయిన తరువాతను ప్రత్తిచేలలో కష్టపడుచుండిన నల్లజాతివారి పాట యది. పందొమ్మిదవ శతాబ్దము చివర పుట్టినది. మొదటి పాదమును రెండుమారు లందురు, మూడవ పాదముతో దానికి బదులు చెప్పుదురు. గిటారు తంత్రిని వ్రేలితో లాగి, స్వరమును తన తావునుండి కొంచెము తప్పింతురు. మాటలు నాకు తెలియలేదు. ఆ తప్పించుట తెలిసినది. అదియును జముకే! 1960 ప్రాంతముల ఇంగ్లండు యువకులు ఆ పాటనే విద్యుత్తు గిటారులమీద హోరెత్తించి లోకమంతట వ్యాపింపజేసిరి. హోరు నాకు రుచింపదు. అయిన నొకమాట: కూలివాని పాట గదా యని వారు తలుపు వేయలేదు.

మొన్నటి యేడు అమ్మవారి పండుగకు ఆ పిల్లవాడు ఊరికి వచ్చెను. ఇప్పుడు పిల్లవాడు గాడు, తల నెరసినది. ఇన్నేండ్లును హైదరాబాదున ఇండ్లు కట్టు పనిలో నుండెనట. నేనే వాని యింటికి పోయితిని. చూరుక్రింద తండ్రి జముకు వ్రేలాడుచుండెను. తోలు నెలుకలు కొరికినవి. తండ్రి పోయి చాలకాలమైనది. "వాయింతువా?" అని యడిగితిని. "సెయ్యి మర్సిపోనాది మాస్టారూ. పాట మాత్రం నోట్లో ఉన్నాది" అనెను. నాడు తండ్రికి చెప్పవలసిన మాటను కొడుకుతో చెప్పితిని: "అది పాటయే నాయనా. నేనే తెలియనివాడను." అతడు నవ్వి ఊరకుండెను. ఆ నవ్వును క్షమయని యనుకొనుటకు నాకు ధైర్యము చాలదు.

ఆ వారమంతయు అతడు పాడెను, నేను వ్రాసితిని. వ్రాతలో మాటలు నిలిచినవిగాని జారు నిలువలేదు. అందుచే మా వాని ఫోనులో గొంతును గూడ పట్టించితిమి.

పెద్దలారా! పండుగ చందాలు లెక్కించునది మీరే. ఇల్లదరిపోవు శబ్దయంత్రములకు వేలకు వేలు పోయుచున్నాము. అందొక భాగము తీసి, జముకు వచ్చినవారిని పిలిచి, ఒక రాత్రి కథ చెప్పింపుడు. ముందు చాప పరచి కూర్చుండుడు. మీరు కూర్చుండిన పిల్లలును కూర్చుందురు. చిరిగిన తోలు మార్చుటకు పెద్ద ధనము పట్టదు. నేర్చుకొనగోరు పిల్లవాడెవడైన వచ్చి మీ వాకిట నిలిచినచో, నావలె బదులు చెప్పకుడు. ముందు వినుడు. ఆ చూరుక్రింది జముకునకు ఈ యేడు క్రొత్త తోలు వేయించితిమి. చేయి మెల్లగా జ్ఞాపకము తెచ్చుకొనుచున్నది. సెలవు.