నగారా మోసిన వైస్ ఛాన్సలర్
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం బాధ్యులకు, ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జోహార్.

తెలుగులో జోహార్ అంటే చనిపోయిన వీరులకు చెప్పేదని అనుకుంటాం. జార్ఖండ్ ఆదివాసీలకు అది రోజూ ఎదురుపడితే చెప్పుకునే పలకరింపు. ఆ నేల మీద పుట్టిన డాక్టర్ రామ్ దయాళ్ ముండా గారి గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆయన 1939 ఆగస్టు 23న రాంచీ దగ్గర తమాడ్ ప్రాంతంలో, దిఉడీ అనే చిన్న ఊళ్లో పుట్టారు. వేణువు ఊదేవారు, నగారా వాయించేవారు, డోలు పట్టేవారు. పాటలు కట్టి తానే పాడేవారు, పాడుతూ ఆడేవారు. ముండారీలో రాశారు, నాగ్‌పురీలో రాశారు, హిందీలోనూ రాశారు. ఇన్ని ఎలా వచ్చాయంటే, ముండాల ఊళ్లో పాట వేరు, ఆట వేరు, వాయిద్యం వేరు అని విడదీయరు. నడకే ఆట, మాటే పాట అని వాళ్ల సామెత. ఊరి మధ్య ఆడే స్థలాన్ని అఖ్‌డా అంటారు. ఆయనకు మొదటి సంగీత పాఠశాల అదే.

రాంచీలో మానవశాస్త్రం చదివి, అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లి భాషాశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అక్కడే స్థిరపడిపోవచ్చు. కానీ 1980ల మొదట్లో రాంచీకి తిరిగొచ్చేశారు. విశ్వవిద్యాలయంలో ఆదివాసీ, ప్రాంతీయ భాషల శాఖను నిలబెట్టారు. ముండారీ, సంతాలీ, హో, ఖడియా, కుడుఖ్ అనే ఐదు ఆదివాసీ భాషలు, మరో నాలుగు ప్రాంతీయ భాషలు అక్కడ డిగ్రీ చదువులయ్యాయి. ఆ శాఖ ఆవరణలోనే అఖ్‌డా కూడా కట్టించారు. తరగతి గది పక్కనే ఆడే నేల! తర్వాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. అయినా సర్హుల్ పండగ ఊరేగింపులో మెడకు నగారా తగిలించుకుని జనం మధ్య నడిచేవారు.

2007లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2010లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాది రాజ్యసభకూ నామినేట్ అయ్యారు. ఆదివాసీల మాట వినిపించడానికి ఐక్యరాజ్యసమితి వేదికల దాకా వెళ్లారు. 2011 సెప్టెంబరు 30న కన్నుమూశారు. ఎవరు ఆడతారో వాళ్లే బతుకుతారు అని ఆయన ఎప్పుడూ అనే మాట. 'నాచీ సే బాంచీ' అన్న ఆ మాటనే పేరుగా పెట్టి ఆయన మీద డాక్యుమెంటరీ కూడా తీశారు.

ఆయనకూ మనకూ సంబంధం ఏమిటని అడగొచ్చు. గిడుగు రామమూర్తి గారు నిఘంటువు రాసిన సవర భాష, గదబల గుతోబ్ భాష కూడా ముండా కుటుంబానివే. అంటే దిఉడీ ఊరి మాటకూ సీతంపేట కొండల మాటకూ చుట్టరికం ఉంది. భాష వేరైన కోయలకు, గోండులకు, కొండదొరలకు కూడా ఆయన ప్రశ్న సొంతమే: చదువుకోవాలంటే మన డోలును ఊళ్లో వదిలేసి రావాలా?

ఈ ప్రశ్న వసతి గృహాల్లో పనిచేసే మాకు రోజూ ఎదురవుతుంది. హాస్టల్ లేకపోతే కొండ మీది ఆడపిల్లకు పదో తరగతి లేదు. అది నిజం. కానీ మన పాటలకు కాలం ఉంటుంది. ఇటుకల పండగ పాట ఇటుకల పండగకే, కొత్తల పాట కొత్తలకే. ఆ రోజుల్లో పిల్లలు ఊళ్లో ఉండరు. పదేళ్లు హాస్టల్లో ఉంటే పది పండగల పాట చెవిన పడదు. వేసవికి వెళ్లేసరికి పెళ్లి పందిట్లో డీజే మోగుతూ ఉంటుంది. తుడుము, కిరిడి, మోరి వాయించే తాతలు అరుగు మీద కూర్చుని చూస్తుంటారు. అడిగేవాళ్లు లేక వాళ్లూ చెప్పరు.

ముండా గారు చదువును వదలమనలేదు, డోలునూ వదలమనలేదు. రెండింటినీ ఒకే ఆవరణలోకి తెచ్చారు. మనమూ మన స్థాయిలో అది చేయగలం. నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఊరి పెద్దల్ని హాస్టల్‌కి పిలుచుకుందాం. మన చేతిలో ఫోన్ ఉంది కదా, పాట రికార్డు చేద్దాం. పాడిన వారి పేరు, ఊరు, అది ఏ పండగ పాటో కూడా చెప్పించి పెడదాం. రికార్డు చేసి ఊరుకోవద్దు, నేర్చుకుందాం. ఫోన్లో ఉన్న పాట ఫోన్‌తోనే పోతుంది, గొంతులో ఉన్నది ఇంకో గొంతుకు చేరుతుంది. వాయిద్యం చేసే చెయ్యి ఏ ఊళ్లో ఉందో కనుక్కుని, సంఘం తరఫున ఒక్క తుడుమైనా చేయిద్దాం.

మీలో రేపు కలెక్టర్లు, డాక్టర్లు, టీచర్లు అయ్యేవాళ్లు ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చున్నాక కూడా పండగ నాడు డోలు భుజానికెత్తుకోవడానికి సిగ్గుపడకండి. వైస్ ఛాన్సలరే సిగ్గుపడలేదు.

అందరికీ జోహార్.