ఇంటివైద్యుడు కాగోరు విద్యార్థికి

వైద్యకళాశాలలో చదువు ముగింపవచ్చిన విద్యార్థిని "ఇకమీద నేమి కాదలచితివి?" అని యడిగినచో, గుండెవైద్యమనియో, ఎముకలవైద్యమనియో, చర్మవ్యాధులనియో బదులు వచ్చును. "ఒక యూరిలో నిలిచి, అందరి యిండ్లకు వైద్యుడ నగుదును" అని చెప్పువారు అరుదు. అట్లు చెప్పినవానిని చూచి చుట్టములు "పాపము, సీటు రాలేదు కాబోలు" అని జాలిపడుదురు. ఈ జాలి యెంత పొరపాటో, విద్యార్థి యీ వృత్తిని కన్నులార చూచి తెలిసికొనుటకు మన మేమి చేయవలెనో యీ ప్రసంగమున మనవి చేసెదను.

కుటుంబవైద్యము ఒక అవయవమునకో, ఒక వయస్సునకో చెందిన శాస్త్రము కాదు. పసిబిడ్డ మొదలు పండుముదుసలి వరకు ఇంటిల్లిపాదిని మొదట చూచువాడు, చాలవరకు తానే నయము చేయువాడు, తనచేత కానిదానిని వేళ మించకుండ తగినవారి కడకు పంపువాడు, వారు తిరిగివచ్చిన పిదప కనిపెట్టియుండువాడు కుటుంబవైద్యుడు. పెద్ద ఆసుపత్రిలోని నిపుణుని కడకు రోగము తరచుగా పేరు పెట్టుకొని వచ్చును. ఇతని కడకు "ఒంట్లో బాగలేదయ్యా" అను మాట యొక్కటే వచ్చును. ఆ మాట వెనుక నేమున్నదో కనుగొనుట యొక విద్య.

ఆ విద్య నాకు లేకపోవుటచే జరిగిన యొక సంగతి చెప్పెదను. ఉద్యోగపు తొలిదినములలో నేను అనుమసముద్రంపేట ప్రాంతమున పనిచేసితిని. నెల్లూరుజిల్లా పడమటి మెట్టసీమలో, ఆత్మకూరు దాపున నున్నదీ యూరు. అచటి ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు హిందువులు, ముస్లిములు అను భేదము లేక దూరదేశములనుండి వచ్చుదురు. తగ్గని జబ్బులు, చెదిరిన మనస్సులు గలవారిని తోడ్కొనివచ్చి, ఆవరణలో నిద్రచేయింతురు.

ఒకనాడు ఉదయగిరివైపు పల్లెనుండి యొక తల్లి పదునెనిమిదేండ్ల కూతును తీసికొనివచ్చెను. పిల్లకు మూర్ఛరోగము. ఫినోబార్బిటోన్ మాత్రలిచ్చి నెలనెల రమ్మంటిని. రెండునెలలు మూర్ఛ రాలేదు. మూడవనెల మాత్రలు మాని దర్గాలో మ్రొక్కు దినములు గడుపుచున్నారని తెలిసి, నలుగురి యెదుట ఆ తల్లిని కసరితిని. "ఏమమ్మా, మొక్కుకుంటే మూర్ఛ పోతుందా? మందు కావాలంటే ఇక్కడికి రా, లేకుంటే అక్కడే ఉండు" అంటిని. ఆమె మారు పలుకక బిడ్డ చేయి పట్టుకొని వెడలిపోయెను. మరల రాలేదు. కొన్ని నెలలకు ఆ యూరివా డొకడు చెప్పెను. ఆ పిల్ల ఒంటరిగా నీళ్లకు పోయి, బావిదరిని మూర్ఛవచ్చి లోపల పడి చనిపోయినదట.

నేనిచ్చిన మందు సరియైనదే. మోతాదును సరియైనదే. పరీక్షలో నైనచో పూర్తి మార్కులు వచ్చియుండెడివి. కాని మాత్ర యేల మానితిరని నేనడుగలేదు. మ్రొక్కు తీరువరకు మందు ముట్టరాదని వారింటి ముదుసలి చెప్పినదట. దర్గావారెవ్వరును అట్లు చెప్పలేదు. మాత్రను హఠాత్తుగా మానినచో మూర్ఛలు తీవ్రమగునని, బావికి గాని, చెరువునకు గాని, పొయ్యికడకు గాని పిల్లను ఒంటరిగా పంపవలదని నేను చెప్పలేదు. "మ్రొక్కు మ్రొక్కే, మాత్ర మాత్రే; రెండును జరుగనిండు" అను నొక్కమాట చాలియుండును. గుజరాతురాష్ట్రమున ఉనావా గ్రామమందలి మీరా దాతార్ దర్గాలో 2008లో "దవా, దువా" అను పేర ఇట్టి యేర్పాటే మొదలిడిరి. ప్రార్థనకు వచ్చిన మనోరోగులకు అచటనే వైద్యమును లభించినది. సరియైన చికిత్సతో మూర్ఛరోగులలో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛ లేకుండ బ్రదుకగలరు. ఆ పిల్లయు వారిలో చేరియుండెడిదేమో.

ఇంటిని ఎరుగుట వలెనే నేలను ఎరుగుటయు నీ వైద్యునకు ముఖ్యము. మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని వైద్యశాస్త్రము మొదట గుర్తించినది 1937లో, నాటి నెల్లూరుజిల్లాలోనే. ఈ మెట్టపల్లెలలో నడుము బిగిసినదని వచ్చిన రైతునకు నొప్పిమాత్ర వ్రాయుటకు ముందు "ఏ బావి నీరు త్రాగుచున్నారు?" అని యడుగువాడే వైద్యుడు. ఈ ప్రశ్న పట్టణపు వార్డులో స్ఫురింపదు.

ఇట్టి వైద్యులు కావలెనన్న తలంపు క్రొత్తది కాదు. 1946లో భోర్ సంఘమువారు వైద్యవిద్య ప్రజల బ్రదుకుతో ముడిపడవలెనని వ్రాసిరి. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్యగారి సోదరులు డాక్టరు రామచంద్రారెడ్డిగారి ప్రజావైద్యశాల తక్కువ ఖర్చుతో బీదలకు వైద్యము చేయుటకు పేరుపొందినది. క్యూబాదేశము 1984 మొదలుకొని పేటపేటకు కుటుంబవైద్యుని, నర్సును నిలిపినది. మన జాతీయ ఆరోగ్యవిధానములు 2002లోను, 2017లోను కుటుంబవైద్యమును పెంపొందింపవలెనని చెప్పినవి. 2023 ఏప్రిలులో మన రాష్ట్రమున ఫ్యామిలీ డాక్టరు విధానము ప్రారంభించినపుడు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు ఇద్దరు వైద్యులుండవలెననియు, వారిలో నొకరు 104 వాహనముతో పల్లెలకు పోవలెననియు నిర్ణయించిరి. విధానములు వచ్చును, మారును. పనిని ప్రేమించి చేయువాడు మాత్రము కళాశాలలోనే తయారు కావలెను.

కావున విద్యార్థులకు నా మనవి. 2022 మొదలుగా జాతీయ వైద్యకమిషను ప్రతి విద్యార్థియు మూడు నుండి అయిదు కుటుంబములను దత్తత గొనవలెనని నియమించినది. దానిని రికార్డు పుస్తకము నింపు పనిగా చూడకుడు. ఆ యిండ్లలో వంట యెవరు చేయుదురో, మందులకు డబ్బు ఎవరి చేతినుండి వచ్చునో, రాత్రివేళ జబ్బు చేసినచో ఎవరిని పిలుతురో తెలిసికొనుడు. సెలవులలో ఒక పల్లెవైద్యుని ప్రక్కన పదిదినములు కూర్చుండుడు. చీటీ వ్రాయకుడు, వినుడు. ఇష్టమైనచో పైచదువునకు దారియు కలదు. జాతీయ పరీక్షామండలి వారి మూడేండ్ల డి.ఎన్.బి. కుటుంబవైద్యమున నున్నది. ఇదివరకే వృత్తిలో నున్నవారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల దూరవిద్య నేర్పరచినది.

నెల్లూరులో 2014లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. అచటనేమి, మరియొకచోట నేమి, బోధించు పెద్దలకు నొక మాట. ఏడాదికి రెండుమార్లైన నొక పల్లెవైద్యుని పిలిచి విద్యార్థుల యెదుట మాటలాడనిండు. చూడని వృత్తిని ఎవ్వడును కోరుకొనడు.

కష్టములు దాచను. ఆదాయము నిపుణునంత రాదు. పిల్లల చదువు, భార్య లేక భర్త యుద్యోగము చిక్కులు పెట్టును. సలహా యడుగుటకు తోటివైద్యుడు దాపున నుండడు. ఇవి తెలిసియే రావలెను. కాని తాను పురుడు పోసిన బిడ్డ తన బిడ్డ నెత్తుకొని వచ్చి "అయ్యా, మా అమ్మను చూసింది మీరే" అనినపుడు కలుగు సంతోషము వేరొక శాఖలో నరుదు.

నేటికిని మూర్ఛరోగి వచ్చినపుడు మందు వ్రాయుటకు ముందు నేనడుగు ప్రశ్న యొకటి కలదు. "మీ ఇంట్లో నీళ్లకు ఎవరు పోతారమ్మా?" ఆ ప్రశ్న నాకు నేర్పినది గ్రంథము కాదు. మీరు దానిని నాకంటె చవుకగా నేర్చుకొందురు గాక.