కాగితం లేని ఇల్లు



2017 సెప్టెంబర్ 20న మరియా తుఫాను అమెరికా పాలనలోని ప్యూర్టో రికో ద్వీపాన్ని ధ్వంసం చేసింది. కప్పులెగిరిన ఇళ్లపై నీలిరంగు టార్పాలిన్లు పరిచారు. నెలరోజుల కోసం ఉద్దేశించిన ఆ గుడ్డల కింద ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి తలదాచుకున్నాయి.

అందుకొక ముఖ్యకారణం కాగితం. ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ ‘ఫెమా’ మరమ్మతు సాయానికి యాజమాన్యపు రుజువు అడిగింది. అక్కడ తాత కట్టిన ఇంట్లో మనవడు ఉండడం, వారసత్వం నోటిమాటగానే సాగిపోవడం పరిపాటి. వేలాది దరఖాస్తులు తిరస్కృతమయ్యాయి. ఫైళ్ల మధ్యనే ఉద్యోగం ముగించిన నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు, బాధ మాత్రం ఉన్నది.

నిజానికి, రిజిస్టరు కాకున్నా యాజమాన్యం చెల్లుతుందని ఆ ద్వీపపు చట్టమే అంటుంది. న్యాయసహాయ సంస్థలు ఈ సంగతినే పట్టుకొని, 2018లో స్వయంప్రకటన పత్రాన్ని ఫెమా చేత అంగీకరింపజేశాయి. 2021లో దేశమంతటికీ నిబంధన సడలింది. అప్పటికి నాలుగేళ్లు!

మన మొహల్లాలలోనూ తాతగారి పేరుమీదే ఉండిపోయిన ఇళ్లు కొల్లలు. వర్షాకాలానికి ముందే ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఒకచోట చేర్చండి. పేరుమార్పిడి దరఖాస్తు రాయడం కష్టమైనవారు సభ ముగిశాక నన్ను కలవండి. ఇక్కడే కూర్చుని రాసిపెడతాను.