మిస్సోరీ రైతు గృహిణి లారా వైల్డర్



అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిస్సోరీ రాష్ట్రమున, ఓజార్కు కొండల నడుమ, మాన్స్‌ఫీల్డు అను చిన్న ఊరు కలదు. ఆ ఊరి గ్రంథాలయమునకు ఒక రైతు గృహిణి పేరు పెట్టబడినది. ఆమె లారా ఇంగల్స్ వైల్డర్. పిల్లల కొరకు పుస్తకములు వ్రాసిన రచయిత్రిగా ఆమెను లోకము ఎరుగును. కాని ఆమె మొదటి పుస్తకము అచ్చైనది 1932లో. అప్పటికి ఆమెకు అరువదియైదేండ్లు. అంతకుముందు ముప్పదియెనిమిదేండ్లు ఆమె ఆ ఊరిలోను, ఊరి ప్రక్క పొలములోను కోళ్లను సాకి, వెన్న చిలికి, ఇరుగుపొరుగు రైతుల లెక్కలు వ్రాసి కాలము గడిపినది. నేటి ప్రసంగము ముఖ్యముగా ఆ ముప్పదియెనిమిదేండ్లను గూర్చి.

ఆమె 1867 ఫిబ్రవరి 7వ తేదీన విస్కాన్సిన్ అడవులలో జన్మించెను. తండ్రి చార్లెస్ ఇంగల్స్ ఒకచోట నిలువని మనిషి. మంచి భూమి ఇంకను ముందెక్కడనో ఉన్నదను ఆశతో భార్యాబిడ్డలను బండి కెక్కించుకొని కాన్సాసు, మిన్నెసోటా, అయోవా, డకోటా ప్రాంతములు తిరిగెను. మిన్నెసోటాలో గోధుమ పంట కోతకు వచ్చు సమయమునకు మిడుతల దండు దిగి గడ్డిపరక మిగుల్చలేదు. 1879లో అక్క మేరీకి జబ్బుచేసి కన్నులు పోయినవి. ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చుటకై లారా పదునారేండ్లయినను నిండకమునుపే బడిపంతులమ్మ అయ్యెను. పదునెనిమిదవ యేట, 1885లో, అల్మాంజో వైల్డర్ అను యువరైతును వివాహమాడెను.

కాపురము పెట్టిన మొదటి నాలుగేండ్లలో ఆ దంపతులకు రాని కష్టము లేదు. ఇరువురికిని డిఫ్తీరియా సోకి, భర్త కాళ్లు చచ్చుబడి, మరల ఎన్నడును పూర్తి సత్తువకు రాలేదు. పుట్టిన మగశిశువు దినములలోనే పోయెను. ఇల్లు కాలిపోయెను. వానలు లేక పైరు మాడెను, అప్పు మిగిలెను. 1894 జూలైలో వారు ఏడేండ్ల కుమార్తె రోజ్‌తో గుఱ్ఱపు బండిలో డకోటా విడిచి, సుమారు 650 మైళ్లు నడిచి, ఆగస్టు చివర మాన్స్‌ఫీల్డు చేరిరి.

వారి సర్వస్వమును నూరు డాలర్ల నోటు ఒకటి. దానిని లారా తన వ్రాతపెట్టెలో దాచెను. భూమి బేరము కుదిరిన దినమున పెట్టె తెరచి చూడగా నోటు కనబడలేదు! ఆ దినములలో ఇంట ఎట్టి మౌనము ఆవరించినదో కుమార్తె పెద్దదైన పిమ్మట వ్రాసియున్నది. తుదకు నోటు పెట్టె సందులో ఇరుక్కొని దొరికెను. దానిని బయానాగా ఇచ్చి నలుబది యెకరముల రాతి నేల కొనిరి. అందు కిటికీ లేని దుంగల గుడిసె ఒకటి, నాటుటకు సిద్ధముగా మట్టిలో కప్పియుంచిన ఆపిల్ మొక్కలు కొన్ని వందలు. అంతే. ఆ నేలకు రాకీ రిడ్జి, అనగా రాతిగట్టు, అని లారాయే పేరు పెట్టెను.

భర్త కుంటికాళ్లతో ఒక్కడే చెట్లు కూల్చలేడు. అందుచేత రెండు పిడుల రంపమునకు ఒకవైపు భర్త, ఒకవైపు భార్య. అట్లు కోసిన వంటచెరకును బండికెత్తి ఊరిలో అమ్ముకొని మొదటి చలికాలము గడిపిరి. ఆపిల్ చెట్లు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును గదా! ఆ మధ్యకాలమున కొన్ని సంవత్సరములు ఊరిలోనికి మారి, భర్త బండి తోలగా, ఆమె రైలు ప్రయాణికులకు భోజనము పెట్టి డబ్బు కూడబెట్టెను. నలుబది యెకరములు క్రమముగా సుమారు రెండువందలయ్యెను. సొంత నేల రాళ్లతో, సొంత చెట్ల కలపతో కట్టిన ఇల్లు 1913 నాటికి గాని పూర్తి కాలేదు.

ఆ ప్రాంతపు రైతుటిండ్లలో ఆ కాలమున ఒక వాడుక ఉండెను. పంట సొమ్ము అప్పునకును, పనిముట్లకును పోవుచుండెను. గ్రుడ్లు, వెన్న అమ్మిన సొమ్ము ఇల్లాలి చేతిది. ఉప్పు, గుడ్డలు, పిల్లల పలకలు దానితోనే గడవవలసియుండెను. లారా లెగ్‌హార్ను జాతి కోళ్లను పెంచుటలో దిట్ట. పొరుగువారి కోళ్లు గ్రుడ్లు మానివేసిన చలికాలమునను ఆమె కోళ్లు పెట్టుచుండెనని చెప్పుకొనిరి. ఈ పేరు విని ఒక రైతు సభవారు ఆమెను ఉపన్యాసమునకు పిలిచిరి. ఆమెకు పోవ వీలుపడలేదు. చెప్పవలసినది కాగితముపై వ్రాసి పంపగా మరియొకరు సభలో చదివిరి. ఆ సభలో నుండిన ‘మిస్సోరీ రూరలిస్టు’ పత్రిక సంపాదకుడు అది విని, తమ పత్రికకు వ్రాయుమని కోరెను. 1911 ఫిబ్రవరిలో ‘మిసెస్ ఏ. జె. వైల్డర్’ అను పేరుతో మొదటి వ్యాసము వెలువడెను. చిన్న కమతములో రైతు కుటుంబము సుఖముగా బ్రతుకవచ్చునని దాని వాదము. తరువాత పది సంవత్సరములకు పైగా ఆమె వ్రాయుచునే యుండెను.

ఆ వ్యాసములలో పదే పదే వచ్చు మాట ఒకటి కలదు: రైతు భార్య రైతునకు సహాయకురాలు కాదు, వ్యవసాయమను వ్యాపారములో భాగస్వామిని, కనుక జమాఖర్చులు ఆమెకు తెలిసియుండవలెను. నేడు ఇది సామాన్యముగా తోచవచ్చును. అమెరికా దేశమంతట స్త్రీలకు ఓటుహక్కు 1920లో గాని రాలేదని జ్ఞాపకముంచుకొన్నచో దీని విలువ తెలియును. కొండలలో మైళ్ల దూరమున ఒక్కొక్క ఇల్లు. ఇల్లాలికి వారముల తరబడి మరియొక స్త్రీ ముఖము కనబడకుండెను. ఈ ఒంటరితనమునకు మందుగా ఆమె స్త్రీల పఠన సంఘములను పెంపొందించెను. 1916లో జిల్లా కేంద్రమగు హార్ట్‌విల్లులో ఏర్పడిన ఎథీనియన్ క్లబ్బు సభ్యులలో ఆమె యొకతె. మాన్స్‌ఫీల్డు స్త్రీలు పెట్టుకొనిన మరియొక సంఘము పేరు ‘జస్టామియర్’. ‘ఏదో ఒక చిన్న సంఘము’ అని దాని చమత్కారము. దానికి పాట వ్రాసినది కూడ లారాయే.

వీటన్నిటికంటె పెద్దపని అప్పుల సంఘమున జరిగినది. 1916లో అమెరికా ప్రభుత్వము వ్యవసాయ ఋణముల చట్టము చేసెను. భూమి తాకట్టుపై అప్పు కావలసిన రైతులు కనీసము పదిమంది కలిసి ఒక సంఘముగా ఏర్పడవలసియుండెను. ప్రతివాడును తన అప్పులో నూటికి ఐదు వంతున సంఘములో వాటా కొనవలసియుండెను. సెయింట్ లూయిస్‌లోని భూమి బ్యాంకు సంఘము ద్వారా అప్పిచ్చుచుండెను. వడ్డీ నూటికి ఆరుకు మించరాదని నియమము ఉండెను. గడువు నలుబది యేండ్ల వరకు. మాన్స్‌ఫీల్డు సంఘమునకు కార్యదర్శియు, కోశాధికారియు లారాయే. ఒకడు అప్పు ఎగవేసినచో తక్కినవారి వాటాలకును ముప్పు కలుగును. కాబట్టి దస్తావేజులు సరిచూచుట, దరఖాస్తులు వ్రాయుట, వాయిదా సొమ్ము రాబట్టుట అన్నియు నిక్కచ్చిగా జరుగవలెను. సుమారు పది సంవత్సరములలో ఆమె చేతిమీదుగా ఇంచుమించు పదిలక్షల డాలర్లు రైతులకు అందెనని చెప్పుదురు. వర్షమునకు ఎదురుచూచి అప్పులపాలై డకోటా విడిచిన స్త్రీ ఈ పని కోరి చేపట్టుటలో ఆశ్చర్యము లేదు.

అయినను ఊరు ఆమెకు ఎల్లప్పుడు తలయూపలేదు. 1925లో తమ పంచాయతీ వంటి చిన్న మండలమునకు పన్ను వసూలుదారు పదవికై ఆమె పోటీచేసి ఓడిపోయెను.

తరువాతి కథ అందరెరిగినదే. బడిపిల్లల గీతల పుస్తకములలో పెన్సిలుతో తన బాల్యమును వ్రాసెను. అప్పటికే రచయిత్రియైన కుమార్తె రోజ్ వాటిని దిద్దెను. 1932 నుండి 1943 లోపల ఎనిమిది పుస్తకములు వెలువడినవి. వాటిలో ఒక లోపమును దాచరాదు. ఆమె తండ్రి కాన్సాసులో గుడిసె వేసిన నేల ఓసేజి జాతివారిది. అచటి ఆదివాసులను మనుష్యుల లెక్కలో చేర్చని వాక్యమొకటి 1935 నాటి పుస్తకములో ఉండెను; 1953లో దానిని మార్చిరి. ఆదివాసులను, నల్లవారిని చూపిన తీరు కారణముగా ఆమె పేరిట నున్న బాలసాహిత్య పురస్కారమునకు గ్రంథాలయ సంఘమువారు 2018లో పేరు మార్చిరి. అది న్యాయమే అనవలెను. పొరుగువానికై అంత పాటుపడిన మనిషికి కూడ కొందరు పొరుగువారు కనబడలేదు.

1949లో డెట్రాయిటు నగరమున ఒక గ్రంథాలయ శాఖకు ఆమె పేరు పెట్టిరి. రెండు పుస్తకముల వ్రాతప్రతులను ఆమె ఆ నగర గ్రంథాలయమునకే యిచ్చెను. 1951లో స్వగ్రామమగు మాన్స్‌ఫీల్డు గ్రంథాలయమును ఆమె పేరు దాల్చినది. భర్త 1949లో తొంబదిరెండవ యేట పోయెను. ఆమె తన వీలునామాలో, పుస్తకముల హక్కులు కుమార్తె జీవించినంతకాలము కుమార్తెకును, ఆమె అనంతరము మాన్స్‌ఫీల్డు గ్రంథాలయమునకును చెందవలెనని వ్రాసి, 1957 ఫిబ్రవరి 10న తొంబదవ యేట కన్నుమూసెను.

రోజ్ 1968లో మరణించెను. కాని హక్కులు గ్రంథాలయమునకు చేరలేదు. ఆ కాలపు అమెరికా చట్టము ప్రకారము మొదటి ఇరువదియెనిమిదేండ్లు ముగియునప్పుడు కాపీరైటును తిరిగి నమోదు చేయించవలసియుండెను. ఆ నమోదులు వేరు పేర్ల జరిగి, హక్కులు రోజ్ వారసునికి దక్కెను. పది లక్షల డాలర్ల పత్రములలో ఇతరుల కొరకు అంత శ్రద్ధ చూపిన కార్యదర్శిని తనకై వ్రాసికొన్న కాగితము ముప్పది యేండ్లు అమలుకాక పడియుండెను. పుస్తకములు లక్షలుగా అమ్ముడుపోవుచుండగా చిన్న ఊరి గ్రంథాలయము చూచుచుండెను. తుదకు 1999లో గ్రంథాలయమువారు వ్యాజ్యము వేసిరి. 2001లో ఉభయపక్షములు రాజీపడగా గ్రంథాలయమునకు ఎనిమిదిలక్షల డెబ్బదియైదువేల డాలర్లు ముట్టినవి. లారా మరణించి అప్పటికి నలుబదినాలుగేండ్లు.